మోటారు సైకిలు ప్రకటన ఎవరిని ఒప్పించాలి?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అన్నది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కు అనీ తీర్పు చెప్పింది. ఆ సంగతి మీకు మళ్ళీ చెప్పనక్కరలేదు. కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడేందుకు నాకంటే తెలిసినవారు వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన అంశం వేరు. "మోటారు సైకిలు ప్రకటన ఎట్లా ఉంటే పనిచేస్తుంది?" అన్నది నా ప్రశ్న. డెబ్బై దాటిన గుమస్తాకు ఈ గొడవ ఎందుకని కొందరు ముసిముసిగా నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. కానీ ఒక్కమాట ఆలోచించండి. మన ఇళ్ళల్లో బండి తోలేది మనవడు. టీవీలోనూ ఫోనులోనూ ప్రకటన చూసేది మనవడు. షోరూములో చెక్కు మీద సంతకం పెట్టేది మాత్రం తాతయ్య. కాబట్టి ఆ ప్రకటన ఎవరికోసం తయారైందో, అందులో ఎంత నిజముందో తెలుసుకోవలసిన అవసరం మనకే ఎక్కువ.

ముందుగా మన పల్నాడు సంగతే చెబుతాను. కోటప్పకొండ తిరునాళ్ళ చూడనివారు ఈ హాల్లో ఉండరు. మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కట్టి తెచ్చే ప్రభలు రంగురంగుల దీపాలతో చాలా దూరానికే కనపడతాయి. ఫలానా ఊరి ప్రభ వచ్చిందని జనం వేలెత్తి చూపిస్తారు. ప్రభ చేసేవి మూడు పనులు: దూరాన్నుంచి కనపడటం, తనది ఏ ఊరో చెప్పటం, జనాన్ని దగ్గరికి రప్పించటం. ఏ ప్రకటన అయినా చేయవలసిన పనులు ఈ మూడే. అయితే ప్రభకు నాలుగో గుణం ఒకటుంది. అది మొక్కు. కట్టినవాళ్ళు దేవుడికి ఇచ్చిన మాట చెల్లించటానికి కడతారు. ఎంత ఎత్తు కట్టినా మాట తప్పితే ఊరి పరువు పోతుంది. ఈ నాలుగో గుణం మోటారు సైకిలు ప్రకటనలో ఉందా లేదా అని చూడటమే నా ప్రసంగ సారాంశం.

మన ఉద్యోగాల తొలి రోజుల్లో బండ్లకు ప్రకటనలతో పెద్ద పని ఉండేది కాదు. బజాజ్ చేతక్ స్కూటరు 1972లో వచ్చింది. అది కావాలంటే పేరు నమోదు చేయించుకొని ఏళ్ళ తరబడి ఎదురు చూడవలసిందే. పిల్ల పుట్టినప్పుడు స్కూటరు బుక్ చేస్తే పెళ్ళినాటికి అల్లుడికి ఇవ్వవచ్చునని హాస్యమాడుకునేవాళ్ళం. సరుకు తక్కువ, కావలసినవాళ్ళు ఎక్కువ. అటువంటి చోట అమ్మేవాడు గొంతెత్తి అరవవలసిన పనిలేదు. కొనేవాడే సిఫార్సు ఉత్తరం పట్టుకొని తిరుగుతాడు.

మోటారు సైకిళ్ళలో మనకు తెలిసినవి మూడే. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, ఫరీదాబాదులో ఎస్కార్ట్స్ వాళ్ళు చేసిన రాజ్‌దూత్, మైసూరులో పుట్టిన జావా. ఆ జావాయే 1970లలో యెజ్డీ అయింది. బుల్లెట్టుకు వేరే ప్రకటన ఏముంది? 1950లలో సైన్యంవారు సరిహద్దు గస్తీకి ఆ బండినే ఎంచుకున్నారు. ఆ తర్వాత పోలీసు అధికారులు దాని మీద తిరిగారు. వీధి చివర దాని చప్పుడు వినపడితే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. ఆ చప్పుడే దాని ప్రకటన. రాజ్‌దూత్‌కు ధర్మేంద్ర ప్రచారం చేశాడు. గట్టి మనిషి, గట్టి బండి అన్న భావం చదువురాని రైతుకు కూడా బొమ్మ చూడగానే అందింది. అదే కంపెనీవారి చిన్న చక్రాల బండి ఒకటి 1973లో రాజ్‌కపూర్ తీసిన 'బాబీ' సినిమాలో కనపడింది. ఆ తర్వాత జనం దాని అసలు పేరు మరిచిపోయి బాబీ బండి అనే పిలిచారు. ఎంత డబ్బు పెట్టినా రాని పేరు ఒక సినిమాతో వచ్చింది.

నేను చాలాకాలం ఎస్టాబ్లిష్‌మెంటు సీటులో పనిచేశాను. ఉద్యోగులు మోటారు సైకిలు అడ్వాన్సు కోసం పెట్టుకునే దరఖాస్తులు నా బల్ల మీదుగానే వెళ్ళేవి. డీలరు ఇచ్చిన కొటేషను, జామీను పత్రం, కొన్న తర్వాత బండిని ప్రభుత్వానికి తాకట్టు పెడుతూ రాసే దస్తావేజు, బీమా కాగితం అన్నీ జతచేయాలి. నెలనెలా జీతం బిల్లులో అసలు కోసి, ఆ తరువాత వడ్డీ వసూలు చేసేవాళ్ళం. దరఖాస్తు చేసినవారిని, ఈ బండే ఎందుకు తీసుకుంటున్నారని నేను సరదాగా అడుగుతుండేవాణ్ణి. ప్రకటన చూసి కొంటున్నానని చెప్పినవాడు ఒక్కడూ లేడు. బావమరిదికి ఉందని ఒకరు, మెకానిక్కు చెప్పాడని ఒకరు, అమ్మితే మంచి ధర వస్తుందని ఒకరు అనేవారు. అంతమాత్రాన ప్రకటన పనిచేయలేదనుకోకూడదు. ప్రకటన మనిషి మనసులో ఒక పేరును కూర్చోబెడుతుంది. ఆ పేరుకు సాక్ష్యం పలికేవాళ్ళు బావమరిది, మెకానిక్కు. సాక్ష్యం కుదిరితే బేరం కుదురుతుంది. సాక్ష్యం ఎదురు తిరిగితే ఎంత గొప్ప ప్రకటన అయినా కొట్టుకుపోతుంది.

1984, 85 సంవత్సరాలలో పరిస్థితి మారింది. జపాను కంపెనీలతో పొత్తు పెట్టుకొని 100 సీసీ బండ్లు వరుసగా దిగాయి. ఇండ్-సుజుకి వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాయి. 1986లో కవాసాకి బజాజ్ వచ్చింది. అప్పటిదాకా అమ్మేవాడి రాజ్యం. అప్పటినుంచి కొనేవాడికి ఎంపిక వచ్చింది. ఎంపిక ఉన్నచోటే ప్రకటనకు పని.

వాటిలో నేను అన్నిటికంటే మెచ్చుకునేది హీరో హోండా సీడీ 100 ప్రకటన. పెట్రోలు నింపు, మూత పెట్టు, మరిచిపో అనే అర్థం వచ్చే మూడు చిన్న ముక్కలు. ఇంగ్లీషులో ఉన్నా మన గుమస్తాలందరికీ అర్థమైంది. దాని బలం ఎక్కడుందో చూడండి. అంతకుముందు చాలా బండ్లకు పెట్రోలులో నూనె కొలిచి కలపాలి. సీడీ 100 నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి ఆ బాధ లేదు. లీటరుకు 80 కిలోమీటర్లన్నారు. అంత రాకపోయినా మిగతా బండ్లకంటే బాగా ఎక్కువ వచ్చింది. నెల తిరిగేసరికి ఆ తేడా జేబుకే తెలిసిపోతుంది.

గుమస్తా లెక్క ఒకటి వేసి చూపిస్తాను. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగే ఉద్యోగికి 750 కిలోమీటర్లు. లీటరుకు 40 ఇచ్చే బండి 18.75 లీటర్లు తాగుతుంది. 60 ఇచ్చే బండికి 12.5 లీటర్లు చాలు. తేడా నెలకు ఆరుంపావు లీటర్లు. లీటరు 110 రూపాయలనుకుంటే నెలకు 687 రూపాయల పైచిలుకు, ఏడాదికి ఎనిమిది వేలు దాటుతుంది. ఒక్కటే మాట చెప్పాడు. ఆ మాటను కొన్నవాడు తన ఇంట్లో కూర్చొని సరిచూసుకోగలిగాడు. సరిచూసుకున్నవాడు పదిమందికి చెప్పాడు. నా దృష్టిలో మంచి ప్రకటనకు ఇదే మొదటి సూత్రం: ఒక్క మాట చెప్పాలి, అది కొన్నవాడు సొంతంగా పరీక్షించి చూసుకోగల మాట అయి ఉండాలి.

రెండో ఉదాహరణ లూనా. కైనెటిక్ వారు 1972లోనే తెచ్చిన 50 సీసీ మోపెడ్ అది. 1980లలో దాని మీద వచ్చిన 'చల్ మేరీ లూనా' ప్రకటన దేశమంతా మారుమోగింది. దాన్ని రాసిన పీయూష్ పాండే 2025 అక్టోబరులో కన్నుమూశారు. జట్కావాడు గుర్రాన్ని అదిలించినట్టు, రైతు ఎద్దును ముద్దుగా పిలిచినట్టు ఉంటుంది ఆ పలకరింపు. హిందీ రానివాడికి కూడా భావం అందుతుంది. మన దేశంలో బండిని ఇంట్లో మనిషిలాగా చూస్తారు. దసరాకు పసుపు కుంకుమ పెడతారు, నిమ్మకాయలు తొక్కిస్తారు, నంబరు పలక పైన ఇలవేల్పు పేరు రాయిస్తారు. ఆ మనసు తెలిసినవాడు రాసిన ప్రకటన అది.

మూడోది 1989లో దూరదర్శన్‌లో వచ్చిన 'హమారా బజాజ్'. లింటాస్ సంస్థలో అలీక్ పదమ్‌సీ సారథ్యంలో తయారైంది. స్కూటరు ప్రకటనే అయినా ఇక్కడ చెప్పక తప్పదు. మైలేజీ ఎంతో చెప్పలేదు, ధర చెప్పలేదు, ఇంజను ఊసే లేదు. రకరకాల మతాల, ప్రాంతాల మామూలు మనుషులు తమ తమ స్కూటర్లతో కనపడ్డారు. "మన బజాజ్" అన్న రెండు ముక్కలతో సరిపెట్టారు. అప్పటికి జపాను బండ్లు వచ్చి బజాజ్‌కు పోటీ పెరిగింది. "మేము మీ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నవాళ్ళం" అని గుర్తుచేయటం అందులో ఉద్దేశం. ఆ మాట అనటానికి బజాజ్‌కు అర్హత ఉంది. నిన్నగాక మొన్న వచ్చిన కంపెనీ అదే మాట అంటే జనం నవ్వుతారు. ఎవరి నోట ఏ మాట నప్పుతుందో తెలుసుకోవటం రెండో సూత్రం. ఇంకొకటి కూడా గమనించాలి. అంత మంచి ప్రకటన ఉన్నా, జనం మోటారు సైకిళ్ళ వైపు మళ్ళినప్పుడు స్కూటరును అది నిలబెట్టలేకపోయింది. స్కూటర్ల తయారీ ఆపేస్తున్నట్లు 2009 డిసెంబరులో బజాజ్ ప్రకటించింది. చేతక్ అన్న పేరు మాత్రం 2020లో విద్యుత్ స్కూటరు మీద తిరిగి వచ్చింది. కాలానికి ఎదురీది సరుకును నిలబెట్టగల ప్రకటన లేదు.

నాలుగోది బజాజ్ పల్సర్. 2001లో దిగింది. 'డెఫినిట్లీ మేల్' అన్నారు, అంటే ఇది కచ్చితంగా మగబండి అని. ఇక్కడ ఎంపిక చేసుకున్నది పాతికేళ్ళ కుర్రాణ్ణి. మైలేజీ అడిగే తండ్రిని పక్కన పెట్టేశారు. బండి బాగా అమ్ముడుపోయింది. కాబట్టి ప్రకటన పనిచేసిందనే ఒప్పుకోవాలి. నాకు మాత్రం ఆ మాట అంతగా నచ్చలేదు. మన సంఘంలో ఉన్న అక్కచెల్లెళ్ళలో ఎందరో టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా బస్సులు లేని ఊళ్ళకు నడిచి వెళ్ళి పనిచేశారు. వాళ్ళకు బండి అవసరం లేదా? 2000ల దశకం మధ్యలో హీరో హోండా వారు ప్లెజర్ స్కూటరు తెచ్చి, సరదా అంతా మగపిల్లలకేనా అని ప్రియాంకా చోప్రాచేత అడిగించారు. ఈనాడు నరసరావుపేటలో కాలేజీ వదిలే వేళకు చూడండి, స్కూటర్ల మీద వెళ్ళే ఆడపిల్లలే ఆ ప్రశ్నకు జవాబు.

ఇవన్నీ పెద్ద నగరాల్లో తయారైన ప్రకటనలు. మన పల్లెల్లో బండ్లు అమ్మింది వీటి ఒక్కటి వల్లనే కాదు. నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ కింద పల్నాడులో పత్తీ మిరపా పెరిగాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలం ఏదంటే మిరపకాయలు కోసి గుంటూరు యార్డుకు వేసిన తరువాత. సంక్రాంతి వెళ్ళినప్పటినుంచి ఉగాది దాటేదాకా. శివరాత్రి తిరునాళ్ళ ఆ నడుమనే వస్తుంది. తెలివిగల డీలరు ఆ రోజుల్లోనే ఊళ్ళల్లో మైకు తిప్పుతాడు, సంతలో బండి నిలబెట్టి తోలి చూడమంటాడు. శ్రావణ భాద్రపదాల్లో, ఎరువులకు అప్పు తెచ్చిన రైతు ముందు ఎంత మంచి ఫ్లెక్సీ కట్టినా దండగే. సమయం తెలియటం మూడో సూత్రం.

గోడరాతలు గుర్తున్నాయా? బస్టాండు గోడ మీద, కాలువ వంతెన గోడ మీద, జిన్నింగు మిల్లు ప్రహరీ మీద పెద్ద తెలుగు అక్షరాలతో బండి పేరు, డీలరు ఊరు ఉండేవి. సినిమా హాల్లో ఇంటర్వెల్లుకు స్లైడు వేసేవారు. కదిలే బస్సులోంచి చూసినా చదవగలిగేటంత పెద్ద అక్షరం, నాలుగు మాటలకు మించని వాక్యం. టీవీఎస్ 50 ఇక్కడ ఎట్లా పాతుకుపోయిందో చూడండి. హోసూరులో 1980లో మొదలైన చిన్న బండి. పాలక్యాను, మిరపకాయల బస్తా, పశువులకు పచ్చగడ్డి మోపు, వెనక ఇల్లాలు, ముందు పిల్లవాడు. ఆ బండి వీధిలో వెళుతుంటే అదే ప్రకటన. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దారుల్లో, దాచేపల్లి నాపరాళ్ళ క్వారీల దుమ్ములో పదేళ్ళు తిరిగిన బండికి ఏ సినిమా నటుడి సిఫార్సూ అక్కరలేదు. బండి పని చేసే చోటును చూపించు, పని చేసే మనిషి భాషలో చెప్పు. ఇది నాలుగో సూత్రం.

ధర ఒక్కటే ప్రకటన అయిన రోజులు కూడా ఉన్నాయి. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు, ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్లు అమ్మకూడదని తీర్పు ఇచ్చింది. మిగిలింది రెండు రోజులు. డీలర్లు వేల రూపాయలు తగ్గించారు. కాగితం మీద చేతితో రాసి అంటించినా జనం ఎగబడ్డారు. చాలా షోరూముల్లో సరుకు అయిపోయి తలుపులు మూశారు. బొమ్మ లేదు, పాట లేదు, నటుడు లేడు. ధర, గడువు రెండే ఉన్నాయి. అంత బలం ఉన్న ఆయుధం కాబట్టే దాన్ని జాగ్రత్తగా చూడాలి. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను.

ఈనాటి ప్రకటనల్లో ధర పెద్దగా కనపడదు. "పదివేలు కట్టండి, బండి తీసుకెళ్ళండి" అన్నది కనపడుతుంది. కింద చీమతలకాయ అక్షరాల్లో షరతులు. మనం నలభై ఏళ్ళు చిన్న అక్షరాలు చదివే జీతం తిన్నాం కదా, ఇదీ చదువుదాం. బండి ఆన్‌రోడ్ ధర లక్ష అనుకోండి. పదివేలు కట్టారు. బాకీ తొంభై వేలు. మూడేళ్ళ వాయిదా, 12 శాతం ఫ్లాటు వడ్డీ. అంటే ఏడాదికి 10,800, మూడేళ్ళకు 32,400. మొత్తం 1,22,400 రూపాయలను 36తో భాగిస్తే నెలకు 3,400. పదివేలూ కలిపితే లక్ష రూపాయల బండికి 1,32,400 కట్టినట్టు. అంతేకాదు. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి తొంభై వేల మీదనే వేశాడు. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే అది 12 కాదు, సుమారు 21 శాతం. మన ఊరి భాషలో చెప్పాలంటే, రూపాయి వడ్డీ అని చెప్పి నూటికి నెలకు రూపాయి ముప్పావలా తీసుకున్నట్టు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

మైలేజీ సంగతీ అంతే. పూణేలోని ఆరాయ్ వంటి సంస్థలు ప్రయోగశాలలో ఒక నిర్ణీత పద్ధతిలో పరీక్షించి ఇచ్చిన అంకె అది. అబద్ధం కాదు. కానీ ఇద్దరు మనుషులూ బస్తా ఎక్కి కారంపూడి దారిలో వెళ్ళే బండికి ఆ అంకె వర్తించదు. ప్రకటనలో ఆ ముక్క స్పష్టంగా చెప్పినవాడు నిజాయితీపరుడు.

చట్టం మన పక్షానే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2020లో ఏర్పడింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. అందులో నటించి సిఫార్సు చేసినవారిని కూడా కొంతకాలం ప్రకటనల్లో కనపడకుండా నిషేధించవచ్చు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో గొప్ప ఏ భాషలో చెప్పారో షరతు కూడా ఆ భాషలోనే చెప్పాలి. ఆఫరు తెలుగులో అరిచి, షరతులు ఇంగ్లీషులో గుసగుసలాడటం చెల్లదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా ఈ సభకు వచ్చినందుకు లాభమే.

ఇక చివరి విషయం. ఇది చెప్పటానికి నాకు కష్టంగా ఉంది. నాతోపాటు ఉద్యోగం చేసిన ఒక మిత్రుడున్నాడు. ఊరూ పేరూ చెప్పను. మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. కుర్రాడు ఒక ప్రకటన పదేపదే చూసేవాడు. కొండమలుపులో బండి నేలకు ఆనేంతగా వాలి, రివ్వున లేచి దూసుకుపోతుంది. తోలేవాడి ముఖంలో నవ్వు. కింద హెచ్చరిక అక్షరాలు ఉన్నాయట, తాత కళ్ళకు ఆనలేదు, మనవడి కళ్ళు వాటి మీదికి పోలేదు. మిత్రుడు తన పెన్షనులోంచి వాయిదాలు కడతానని ఒప్పుకొని బండి ఇప్పించాడు. బండితోపాటు హెల్మెట్టు కూడా ఇచ్చారు. అది ఇంట్లో అటక మీద ఉంది. ఒకనాటి సాయంత్రం కాలువ కట్ట మలుపులో ఆ కుర్రాడు బండిని అట్లాగే వాల్చబోయాడు. కంకర మీద చక్రం జారింది. నేను పలకరించటానికి వెళ్ళేసరికి మిత్రుడు వరండాలో కూర్చొని ఉన్నాడు. చాలాసేపటికి ఒకే మాట అన్నాడు: "ఇంకా పదకొండు వాయిదాలున్నాయిరా." నేను ఏమీ అనలేక కూర్చున్నాను.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారు. హెల్మెట్టు లేకుండా పోయినవారే 50,000 మంది. అందులో 14,000 మందికి పైగా వెనక కూర్చున్నవారు. ఒక్క ఏడాదిలో ఇంతమంది.

ఈ చావులకు ప్రకటనలే కారణమని నేను అనటం లేదు. రోడ్లున్నాయి, మద్యం ఉంది, మన అలసత్వం ఉంది. కానీ ప్రకటన బలమైనదని ఇంతసేపూ చెప్పినవాణ్ణి, చెడు దగ్గరికి వచ్చేసరికి దానికి బలం లేదని ఎట్లా అనగలను? మూడు ముక్కలతో దేశం చేత నాలుగు స్ట్రోకుల బండి కొనిపించగలిగినవారు, ఒక్క బొమ్మతో తలకు హెల్మెట్టు పెట్టించలేరా? 1985లో ఏర్పడిన ప్రకటనల ప్రమాణాల మండలి నియమావళిలో, వాహనాల ప్రకటనలు ట్రాఫిక్ నిబంధనల ఉల్లంఘనను చూపించకూడదనీ, ప్రమాదకరమైన వేగాన్ని ప్రోత్సహించకూడదనీ ఉంది. చాలామంది పాటిస్తున్నారు. అక్షరాన్ని పాటించి భావాన్ని వదిలేసేవారూ ఉన్నారు. విన్యాసం అర నిమిషం చూపించి, "మీరు చేయకండి" అని అర క్షణం రాస్తారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఐదో సూత్రం ఇక్కడే ఉంది. బండి కొన్నవాడు దానిమీద క్షేమంగా ఇంటికి చేరినప్పుడే ప్రకటన ఇచ్చిన మాట నిలబడినట్టు. కొన్నవాడు బతికుంటేనే కదా రెండో బండి కొనేది, తమ్ముడికి సిఫార్సు చేసేది! వ్యాపారం లెక్కన చూసినా ఇది నష్టం లేని బేరం. అందుకే ఆ ప్రకటన తోలే మనవణ్ణీ, డబ్బిచ్చే తాతనీ, గుమ్మంలో ఎదురుచూసే తల్లినీ ముగ్గురినీ ఒప్పించగలగాలి. మనవడికి అందం కావాలి, తాతకు లెక్క కావాలి, తల్లికి భరోసా కావాలి. మొదటివాడితో ఆగిపోయిన ప్రకటన బండిని అమ్మగలదేమో గాని పేరును నిలబెట్టలేదు.

మన సంఘం తరఫున మూడు పనులు చేయవచ్చునని నా మనవి. మొదటిది, జిల్లాలోని డీలర్లను మర్యాదగా కలిసి, కరపత్రాల్లోనూ ఫ్లెక్సీల్లోనూ మొత్తం కట్టవలసిన సొమ్ము ఎంతో తెలుగులో పెద్ద అక్షరాలతో వేయమని కోరటం. రెండవది, బొమ్మలో తోలేవారికీ వెనక కూర్చున్నవారికీ హెల్మెట్టు లేని ఫ్లెక్సీ కనపడితే, మనలో ఎవరైనా సరే వెళ్ళి మాట్లాడటం. ఉద్యోగంలో ఉండగా ఎన్ని ఫైళ్ళు వెనక్కి తిప్పి పంపామో మీకు గుర్తే. ఇదీ అట్లాంటి ఫైలే అనుకోండి. మూడవది మన ఇళ్ళల్లో చేయవలసింది. బండి కొనిచ్చే తాత చెక్కు మీద సంతకం పెట్టేముందు మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని ఆ ప్రకటన ఇద్దరూ కలిసి ఒకసారి చూడాలి. ఇందులో ఏం చెప్పారు, ఏం చెప్పలేదు అని అడగాలి. కుర్రాళ్ళు మనకంటే తెలివైనవాళ్ళు. అడిగేవాళ్ళు లేకనే వాళ్ళు చూడటం లేదు.

నాకిచ్చిన సమయం మించిపోయింది. అధ్యక్షులవారు గడియారం రెండుసార్లు చూశారు.  భోజనాల తరువాత బండ్ల మీద తిరిగి వెళ్ళే మిత్రులు హెల్మెట్లు ఎక్కడ పెట్టారో ఇప్పుడే చూసుకోవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.